గుర్తుచేయడం మరుపుకే మందు: డ్రైవర్లు, డీజిల్, స్టికర్లు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నలభై బండ్లు, అందులో సగం లారీలు, మిగతావి వ్యాన్లూ కార్లూ. ఇంధనం ఖర్చు తగ్గించమని పైనుంచి ఒత్తిడి. డ్యాష్‌బోర్డు మీద "ఇంధనం ఆదా చేయండి" అని స్టికరు, రోజూ పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో ఒక సూక్తి, నెలకోసారి మీటింగు. మొదటి మూడు వారాలు కాస్త తగ్గింది, తర్వాత మళ్ళీ మామూలే. "ఎన్నిసార్లు చెప్పినా డ్రైవర్లకు ఎక్కడం లేదు, ఇంకెలా చెప్పాలి?" అని అడిగారు.

నేను ఎనిమిదేళ్లు స్టీరింగ్ పట్టుకున్నాను. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లుగా స్టీరింగ్ పట్టుకునేవాళ్లను చూసుకుంటున్నాను. మీరు చేసినవన్నీ నేనూ చేశాను, సూక్తులతో సహా. కాబట్టి వెక్కిరిస్తున్నానని అనుకోకండి.

బండి అనవసరంగా ఇంధనం తాగడానికి డ్రైవరు వైపు నుంచి నాలుగు కారణాలు ఉంటాయి. తెలియకపోవడం. తెలిసినా నమ్మకపోవడం. నమ్మినా ఆ క్షణానికి గుర్తుకు రాకపోవడం. గుర్తొచ్చినా కుదరకపోవడం. స్టికరు, మెసేజీ, బీప్ శబ్దం ఇవన్నీ మూడోదానికి మాత్రమే పనిచేస్తాయి. గుర్తుచేయడం మరుపుకే మందు. తెలియనివాడికి అదే మందు వేస్తే అర్థం కాదు, నమ్మనివాడికి వేస్తే కోపం వస్తుంది, కుదరనివాడికి వేస్తే మీ మీద గౌరవం పోతుంది. మీ స్టికర్లు మూడు వారాల్లో చచ్చిపోయాయంటే, మీ డ్రైవర్లలో చాలామంది సమస్య మరుపు కాదేమో ముందు చూడండి.

కుదరకపోవడం అంటే ఏమిటో నాకు బాగా తలకెక్కిన సందర్భం ఒకటి ఉంది. సరుకు దింపేచోట మా వ్యాన్లు అరగంటేసి ఇంజన్ ఆన్‌లోనే ఉండేవి. "ఆగితే ఆపేయండి" అని స్టికర్లు వేయించాను. ఏమీ మారలేదు. పెద్దక్షరాలతో మళ్ళీ వేయించాను. మారలేదు. ఒకరోజు కోపంగా వెళ్లి ఒక కుర్రాణ్ణి నిలదీశాను. వాడు నెమ్మదిగా, "ఆపేస్తాను సార్, మళ్ళీ స్టార్ట్ కాకపోతే మీరొచ్చి నెడతారా?" అన్నాడు. బ్యాటరీలు చూపిస్తే పదకొండు బండ్లలో ఆరింటివి అయిపోవచ్చాయి. తప్పు నాది. మెకానిక్కుకు వేయాల్సిన స్టికరు డ్రైవరుకు వేశాను. బ్యాటరీలు మార్చిన వారంలో, పాత స్టికర్లతోనే, సగం బండ్లు ఆగిన వెంటనే ఇంజన్ ఆపడం మొదలుపెట్టాయి.

ఇంజన్ ఆన్‌లో ఉంచాల్సిన న్యాయమైన అవసరాలు కూడా ఉంటాయి, వాటిని తప్పుగా లెక్కేస్తే డ్రైవరు మిమ్మల్ని ఇక వినడు. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) ఉన్న పెద్ద ఇంజన్ నిండు బరువుతో ఎత్తు ఎక్కి వచ్చి ఆగితే, టర్బో చల్లబడేదాకా ఒకట్రెండు నిమిషాలు నడవనివ్వాలి. ఎయిర్ బ్రేకు బండి గాలి నింపుకోవాలి. మిక్సర్ తిరగాలన్నా ట్యాంకరు పంపు ఆడాలన్నా ఇంజనే దిక్కు. జీపీఎస్ రిపోర్టులో ఇవన్నీ ఒకే ఎర్ర గీతగా కనిపిస్తాయి. ఆ ఎర్ర గీత పట్టుకుని డ్రైవరును పిలిపించే ముందు బండి ఆ సమయంలో ఏం చేస్తోందో తెలుసుకోండి.

ఇక నమ్మకపోవడం. దిగుడులో న్యూట్రల్ చేసి వదిలేస్తే డీజిల్ మిగులుతుందని గట్టిగా నమ్మేవాళ్లు మీ దగ్గరా ఉంటారు. పెట్రోలు బండ్లకు కార్బురేటర్ ఉన్న కాలంలో అందులో కొంత నిజం ఉండేది, కాబట్టి ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. ఇప్పటి ఇంజన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే కంప్యూటరే ఇంధనం ఆపేస్తుంది, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో పెడితే మాత్రం ఇంజన్ ఆగిపోకుండా ఉండడానికి ఇంధనం పడుతూనే ఉండాలి. పైగా దిగుడులో ఇంజన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది, అవి వేడెక్కి పట్టు తప్పితే తర్వాత మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

ఈ మాటనే మీటింగులో నేను మూడుసార్లు చెప్పాను. మా దగ్గర అందరికంటే పెద్దాయన ప్రతిసారీ తలూపేవాడు, రోడ్డెక్కాక న్యూట్రలే. ఒకరోజు ఆయన పక్క సీట్లో కూర్చున్నా. ఆ బండికి అప్పటికప్పుడు ఎంత ఇంధనం పడుతోందో చూపించే స్క్రీన్ ఉంది. ఒకే దిగుడులో ఒకసారి న్యూట్రల్‌లో, ఒకసారి గేరులో రమ్మన్నా. గేరులో వచ్చినప్పుడు స్క్రీన్ మీద సున్నా. ఆయన మళ్ళీ ఇంకోసారి, తనంతట తానే చూసుకున్నాడు. "ముప్పై ఏళ్లు చేశానయ్యా ఇట్లా" అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత షెడ్డులో న్యూట్రల్ గురించి నేను మాట్లాడాల్సిన పని పడలేదు, కుర్రాళ్లకు ఆయనే చెప్పేవాడు. నమ్మకం మార్చడానికి కళ్లముందు ఒక కొలత కావాలి. అది చూపించకుండా రోజూ గుర్తుచేస్తే, ఆయన అనుభవాన్ని రోజూ అవమానించినట్టే.

ఇప్పుడు అసలు మరుపు దగ్గరికి వద్దాం, మీరు అడిగింది దాని గురించే కదా.

గుర్తుచేసే మాట ఏదైనా సరే, చేయాల్సిన పని ఎక్కడుందో అక్కడ, చేయాల్సిన వేళకు కనిపించాలి. పొద్దున ఆరింటికి ఫోన్లో చదివిన సూక్తి మధ్యాహ్నం రెండింటికి సిగ్నల్ దగ్గర గుర్తుకు రాదు. రావాలని ఆశించడం కూడా అన్యాయం, అప్పుడు డ్రైవరు తలలో ముందున్న ఆటో, పక్క నుంచి దూరే బైకు, చేరాల్సిన టైమూ ఉంటాయి. ఇంగ్లండులోని కాంటర్‌బరీలో ఒక రైల్వే గేటు దగ్గర మనస్తత్వ శాస్త్ర పరిశోధకులు చేసిన ప్రయోగం ఒకటి 2017లో ప్రచురితమైంది. గేటు పడినప్పుడు ఏ బోర్డూ లేకపోతే ఐదుగురిలో ఒకరే ఇంజన్ ఆపుతున్నారు. ఇంజన్ ఆపమన్న బోర్డుకు మనిషి కళ్ల బొమ్మ, అంటే ఎవరో చూస్తున్నారన్న భావన, తోడైతే కొంచెం పెరిగింది. కానీ "మీ గురించి మీరు ఆలోచించుకోండి, గేటు పడితే ఇంజన్ ఆపండి" అన్న అర్థం వచ్చే బోర్డు పెడితే దాదాపు సగం మంది ఆపేశారు.

ఇందులో నాకు నచ్చింది కళ్ల బొమ్మ ఓడిపోవడం. మనం ఎక్కువగా పెట్టే స్టికర్లు ఆ జాతివే: "మీ బండి జీపీఎస్ నిఘాలో ఉంది". నిఘా అన్న మాట చూడగానే మనిషి నిఘా కంట పడకుండా ఎలా బతకాలో ఆలోచిస్తాడు తప్ప, డీజిల్ గురించి కాదు. ఇంకో సంగతి గమనించండి. ఆ బోర్డు గేటు దగ్గరే ఉంది. గేటు పడింది, బండి ఆగింది, చేతులు ఖాళీ, చేయాల్సిన పని ఒక్కటే. గుర్తుచేయడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

మీ దగ్గర ఇలాంటి చోట్లు వెతకండి. సరుకు ఎక్కించే, దింపే బేలో డ్రైవరు కూర్చున్న చోటి నుంచి ఎదురుగా కనిపించే గోడ. సెక్యూరిటీ గేటు దగ్గర కాగితాలు చూపించడానికి ఆగేచోటు. తూకం వేసే చోటు క్యూ. లోపల డ్యాష్‌బోర్డు మీద కంటే బయట గోడ మీద బోర్డే నాకు మెరుగ్గా పనిచేసింది, ఎందుకంటే డ్యాష్‌బోర్డు స్టికరును రోజంతా చూస్తూ చూస్తూ మూడో రోజుకు కన్ను దాన్ని ప్లాస్టిక్కులో భాగంగా కలిపేసుకుంటుంది. గోడ మీది బోర్డు ఆగినప్పుడే ఎదురవుతుంది.

బోర్డు మీద రాసే మాట కూడా పని చెప్పాలి, విలువలు చెప్పకూడదు. "ఇంధనం ఆదా చేయండి" అంటే ఏం చేయాలి? ఏ పెడల్ మీద ఏ కాలు? "క్యూలో నిమిషం దాటితే తాళం తిప్పండి" అంటే పని తెలుస్తుంది. ఆపి మళ్ళీ స్టార్ట్ చేయడానికి పట్టే ఇంధనం దాదాపు పది సెకన్లు ఆన్‌లో ఉంచినదానితో సమానం. అయినా నేను పది సెకన్లని రాయను, స్టార్టర్ మోటారు మీద జాలితోనూ, ట్రాఫిక్ కదిలేలోపు కంగారు పడకుండా ఉండాలనీ నిమిషం అంటాను. వ్యర్థం ఎంతో కూడా తెలియాలి: పెద్ద లారీ ఇంజన్ ఊరికే నడిస్తే గంటకు సుమారు 3 లీటర్లు, చిన్న కారుది లీటరు అటూ ఇటూ, ఏసీ వేస్తే ఇంకాస్త. ఇరవై లారీలు రోజుకు అరగంట చొప్పున ఊరికే నడిస్తే 30 లీటర్లు పోయినట్టే. బోర్డు కింద ఈ లెక్క చిన్నగా రాయండి. డ్రైవర్లు లెక్కలంటే మొహం చాటేస్తారని అనుకుంటాం కానీ, వాళ్లకంటే లీటరు లెక్క బాగా తెలిసినవాళ్లు ఆఫీసులో ఉండరు.

ఒకేసారి పది మాటలు గుర్తుచేయకండి. ఒక నెల, ఒక పని. నేనైతే ఇంజన్ ఆపడంతో మొదలుపెడతాను. కష్టం తక్కువ, ప్రమాదం లేదు, ఫలితం తొందరగా కనిపిస్తుంది. రెండో నెల టైర్లలో గాలి. మూడో నెలకు గానీ పెడల్ జోలికి వెళ్లను.

గాలి గురించి ఒక మాట. కొత్త బండ్లలో గాలి తగ్గితే లైటు వెలుగుతుంది కదా, ఇక గుర్తుచేయడం దేనికి అని అడుగుతారు. అమెరికా నిబంధన ప్రకారం ఆ లైటు కంపెనీ చెప్పిన గాలికంటే 25 శాతం తగ్గినప్పుడు వెలిగితే చాలు. అంటే 32 పీఎస్‌ఐ ఉండాల్సిన టైరు 24కు దిగితే గానీ లైటు నోరు విప్పక్కర్లేదు. 27 దగ్గర నెలల తరబడి తిరిగినా అది మౌనం. నాలుగు టైర్లలో సగటున ఒక్కో పీఎస్‌ఐ తగ్గినకొద్దీ మైలేజీ 0.2 శాతం దాకా పడిపోతుంది. చూడ్డానికి చిన్నదే, కానీ ఏడాదంతా, ప్రతి కిలోమీటరుకూ పడుతుంది. పైగా టైరు అంచులు అరిగిపోతాయి, టైరు ఖర్చు ఇంధనం ఖర్చును మించిపోయే రోజూ వస్తుంది. టైరు ఏ పంచరూ లేకుండానే నెలకు ఒక పీఎస్‌ఐ వరకు కోల్పోతుంది. గాలి కొలవాల్సింది టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే పొద్దున బండి తీసేముందు. కాబట్టి గుర్తు ఎక్కడుండాలి? షెడ్డులో, తాళాలు తగిలించే మేకు పక్కన. మేం సోమవారం తాళాల గుత్తికి గాలి కొలిచే గేజీనే కట్టేసేవాళ్లం. తాళం కావాలంటే గేజీ చేతిలోకి వస్తుంది. మాట లేదు, బోర్డు లేదు. ఎంత ఉండాలో అంకె చక్రం పైనున్న మడ్‌గార్డు మీద పెయింటుతో రాయించాం, ఎందుకంటే ముందు చక్రాలకు ఒకటి, వెనక చక్రాలకు ఒకటి, ఎవరికి గుర్తుంటుంది. నేను చేసిన అన్ని ప్రయత్నాల్లో ఎవరూ గొణక్కుండా ఏళ్ల తరబడి నిలిచింది ఇదొక్కటే.

పెడల్ విషయం దగ్గర మాత్రం జాగ్రత్త. ఇక్కడే అన్నిటికంటే ఎక్కువ ఇంధనం ఉంది, ఇక్కడే తప్పు మాట రాస్తే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. అమెరికా ఇంధన శాఖ లెక్కల ప్రకారం దూకుడుగా, అంటే ఒక్కసారిగా రేజ్ చేస్తూ గట్టిగా బ్రేకు తొక్కుతూ నడిపితే, హైవే వేగాల్లో 15 నుంచి 30 శాతం, ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో 10 నుంచి 40 శాతం దాకా మైలేజీ పడిపోవచ్చు. మిగతావన్నీ కలిపినా దీని పక్కన చిన్నవే.

నేనొక లెక్క వేసి డ్రైవర్లకు చెప్పేవాణ్ణి. పదహారు టన్నుల బండి 60 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగి, మళ్ళీ అదే వేగం అందుకోవాలంటే, ఆ వేగం పుట్టించడానికే సుమారు 150 మిల్లీలీటర్ల డీజిల్ కాలుతుంది. ఒక గ్లాసెడు. ఆగిన ప్రతిసారీ ఒక గ్లాసు. ఈ గ్లాసు మాట వాళ్లకు బాగా పట్టింది. పట్టిందని సంబరపడి "బ్రేకు తొక్కితే గ్లాసు పారబోసినట్టే" అని స్టికరు వేయించాను. రెండు వారాల్లో ఒక బండి ముందు బండికి వెనక తగిలింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. డ్రైవరు చెప్పిన కారణం వినగానే నాకు చెమటలు పట్టాయి: "బ్రేకు తొక్కకూడదనుకున్నా సార్, కొంచెం చూద్దామని." ఆ సాయంత్రమే అన్నీ పీకించాను.

బ్రేకు తొక్కొద్దని ఎప్పుడూ, ఏ రూపంలోనూ గుర్తుచేయకండి. గుర్తుచేయాల్సింది దానికి పది సెకన్ల ముందు చేయాల్సిన పని: "ఎరుపు కనిపించిందా? కాలు తీయండి." దూరంగా సిగ్నల్ ఎర్రబడటం చూడగానే యాక్సిలరేటర్ వదిలేస్తే, గేరులోనే బండి నెమ్మదిస్తూ వస్తుంది, ఆ దూరమంతా ఇంధనం సున్నా, చాలాసార్లు చేరేలోపు పచ్చ పడుతుంది. ఆ గ్లాసులో సగమైనా మిగులుతుంది. ముందు బండికి దూరం ఎక్కువ ఉంచితేనే ఇది కుదురుతుంది కాబట్టి భద్రత కూడా దానంతటదే వస్తుంది.

వేగం విషయంలో గాలి లెక్క తెలిస్తే చాలు. గాలి అడ్డగించే బలం వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది. 80 నుంచి 100కు వెళ్తే ఆ బలం సుమారు 56 శాతం పెరుగుతుంది. అరవై కిలోమీటర్ల దూరానికి కలిసొచ్చేది తొమ్మిది నిమిషాలు, అదీ దారంతా అదే వేగం కుదిరితే. ఇది స్టికరుకు ఎక్కే సంగతి కాదు, మాట్లాడుకోవాల్సిన సంగతి. బండి తయారుచేసేవాళ్లు దీన్ని పెడల్‌లోనే పెట్టాలని చూశారు. నిస్సాన్ 2008లో ప్రకటించిన ఎకో పెడల్ అయితే, అవసరానికి మించి తొక్కుతుంటే కాలిని వెనక్కి నెట్టేది. ఆలోచన నాకు నచ్చుతుంది, చూపును రోడ్డు మీద నుంచి తిప్పదు కాబట్టి. బండి కదులుతుండగా ఫోన్లో మోగే "మీ స్కోరు తగ్గింది" లాంటివి మాత్రం ఎవరు ఉచితంగా ఇచ్చినా పెట్టుకోకండి. చెప్పాల్సింది బండి ఆగాక చెప్పొచ్చు.

ఏసీ, అనవసరపు బరువు, పైకప్పు క్యారియర్ల గురించి పెద్దగా చెప్పను. ఖాళీ క్యారియర్ ఉంటే విప్పి షెడ్డులో పెట్టండి, అది మీ పని, డ్రైవరుకు గుర్తుచేసే పని కాదు. ఎండలో ఏసీ ఆపమని మాత్రం దయచేసి రాయకండి.

ఆ తర్వాతిది, ఎంత మిగిలిందో తిరిగి చెప్పడం. నిజంగా నెలల తరబడి నిలిచే గుర్తు ఇదే, కానీ అందరూ దీన్నే చెడగొట్టుకుంటారు.

ముందు, మైలేజీ అంకె మోసం చేస్తుంది. ఒక లారీ లీటరుకు 4 నుంచి 4.5కు వచ్చింది, ఒక కారు 16 నుంచి 20కి వచ్చింది. ఎవరు ఎక్కువ మిగిల్చారు? షెడ్డులో చప్పట్లన్నీ కారుకే పడతాయి. వంద కిలోమీటర్లకు లెక్కేయండి: లారీ 25 లీటర్ల నుంచి 22.2కు తగ్గింది, అంటే 2.8 లీటర్లు. కారు 6.25 నుంచి 5కు, అంటే లీటరుంపావు. లారీ డ్రైవరు రెట్టింపు పైగా మిగిల్చి తల దించుకుని వెళ్తున్నాడు. ఈ భ్రమ మీద లారిక్, సోల్ అనే ఇద్దరు పరిశోధకులు 2008లో సైన్స్ పత్రికలో రాశారు. అప్పటి నుంచి నేను డ్రైవర్లకు మైలేజీ చెప్పడం మానేసి, "పోయిన నెలకంటే ఇన్ని లీటర్లు" అని చెబుతున్నాను. లీటరు కళ్లకు కడుతుంది, క్యాన్లో పోసి చూపించొచ్చు.

కొలత ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్‌కు ఉండాలి, అదీ ఒక్క ట్యాంకుతో తేల్చకూడదు. పంపు నాజిల్ ఒకరోజు ముందే తెగుతుంది, ఒకరోజు ఇంకో రెండు లీటర్లు పట్టాక తెగుతుంది. కనీసం నాలుగైదు ట్యాంకుల సగటు చూడండి, ఎంత బరువు మోశాడో ట్రిప్ షీటు పక్కన పెట్టుకుని చూడండి. నిండు బండి తోలినవాణ్ణీ ఖాళీ బండి తోలినవాణ్ణీ ఒకే గీత మీద నిలబెట్టకండి.

రెండోది, పేర్ల బోర్డు. నోటీసు బోర్డు మీద మొదటి ముగ్గురు, చివరి ముగ్గురు అని పేర్లు పెట్టానొకసారి. నెల తిరక్కముందే మంచి రూటు కోసం గొడవలు, కొత్త బండి కోసం సిఫార్సులు, చివర ఉన్నవాడు "నా బతుకింతే" అని వదిలేయడం, మధ్యలో ఉన్నవాడు "నేను బానే ఉన్నా కదా" అని సడలడం. ఆ చివరిది నా ఊహ అనుకునేవాణ్ణి. కాలిఫోర్నియాలో ఇళ్ల కరెంటు వాడకం మీద 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో సరిగ్గా అదే కనిపించింది: చుట్టుపక్కల సగటు ఎంతో చెబితే, ఎక్కువ వాడేవాళ్లు తగ్గించారు, తక్కువ వాడేవాళ్లు పెంచేశారు. వాళ్ల చీటీ మీద మెచ్చుకోలుగా ఒక నవ్వు మొహం బొమ్మ గీస్తే ఆ పెరుగుదల ఆగింది. మనిషిని పక్కవాడితో కాకుండా, అదే బండి మీద, అదే రూటులో, పోయిన నెల తనతోనే పోల్చండి. బాగా చేస్తున్నవాడికి బాగా చేస్తున్నావని విడిగా చెప్పండి.

విడిగా చెప్పడం ఎంత పనిచేస్తుందో తెలియాలంటే లారీ షెడ్డు వదిలి విమానం ఎక్కాలి. 2014లో వర్జిన్ అట్లాంటిక్ కెప్టెన్లు 335 మంది మీద గోస్నెల్, లిస్ట్, మెట్‌కాఫ్ అనే ఆర్థికవేత్తలు ఎనిమిది నెలలు ఒక ప్రయోగం చేశారు, 40 వేలకు పైగా విమాన ప్రయాణాలు లెక్కలోకి వచ్చాయి. కొందరికి నెలనెలా ఇంటికి ఉత్తరం వెళ్లేది: ఇంధనం సరిగ్గా లెక్కేసి నింపడం, గాలిలో పొదుపుగా నడపడం, దిగాక ఒక ఇంజన్ ఆపి నేల మీద విమానాన్ని నడిపించుకెళ్లడం, ఈ మూడింటిలో పోయిన నెల మీరు ఎన్నిసార్లు చేశారు అని. కొందరికి దానితోపాటు సొంత లక్ష్యం కూడా ఇచ్చారు. పద్ధతి మారింది. లక్ష్యం చేరితే వాళ్ల పేర సేవాసంస్థకు విరాళం ఇస్తామని ఇంకొందరికి చెప్పినా, ఉత్త లక్ష్యం కంటే పని అదనంగా మెరుగవలేదు. ఏ ఉత్తరమూ రాని కెప్టెన్లు కూడా, లెక్క చూస్తున్నారని తెలిసినందుకే, కొంత మారారు. ఉద్యోగం పోతుందన్న భయంతో కాదు, ఎవరూ వాళ్లకు నడపడం నేర్పలేదు కూడా. వచ్చిన పనినే, నువ్విలా చేస్తున్నావని అద్దంలో చూపించారు, అంతే.

మీ నలభై మందికి ఉత్తరాలు అక్కర్లేదు. నెలకోసారి జీతం చీటీతో పాటు అరచేతి అంత కాగితం చాలు: పోయిన నెల ఇన్ని లీటర్లు, ఈ నెల ఇన్ని, ఊరికే నడిచిన గంటలు ఇన్ని, వచ్చే నెల ఈ ఒక్కటి చూడండి. కింద మీ చేతిరాతతో ఒక వాక్యం. ప్రింటు వాక్యం వద్దు. మా దగ్గర ఒకాయన ఆ కాగితాలు సన్ వైజర్ వెనక పెట్టుకునేవాడు, రెండేళ్లవి.

ఇక మీకు నచ్చని మాట ఒకటి. మీ డ్రైవరుకు రోజూ వచ్చే గుర్తుల్లో అన్నిటికంటే బలమైనది మీ స్టికరు కాదు, మీ ఆఫీసు నుంచి వెళ్లే ఫోను. "ఎక్కడున్నావ్? ఇంకెంతసేపు? పార్టీ వెయిట్ చేస్తోంది." నేను ఒక వారం పాటు మా వాళ్లు చేసే ఫోన్లు లెక్కపెట్టాను. ఒక బండికి రోజుకు సగటున ఏడు. ఏడింటిలో ఒక్కటీ "నెమ్మదిగా రా" అనలేదు. గోడ మీద బోర్డు కాలు తీయమంటోంది, చెవిలో ఫోను కాలు నొక్కమంటోంది. ఎవరి మాట గెలుస్తుందో చెప్పక్కర్లేదు. పైగా ఆ ఫోను నడుపుతుండగా ఎత్తాలి. మేం బండ్లు ఇరవై నిమిషాలు ముందే బయల్దేరేలా టైములు మార్చి, ఆలస్యమైతే పార్టీకి ఆఫీసే ఫోన్ చేసి చెప్పే పద్ధతి పెట్టాం. డ్రైవరుకు బండి ఆగినప్పుడు తనే ఒక మెసేజీ పెట్టడం తప్ప వేరే పని లేదు. ఆ నెల తగ్గిన లీటర్లు స్టికర్లతో ఏ నెలా తగ్గలేదు. ట్రిప్పులు కలిపి వేయడం, ఖాళీగా తిరిగొచ్చే కిలోమీటర్లు తగ్గించడం కూడా ఆఫీసు చేతిలోనివే. అవి చక్కబడ్డాక డ్రైవరుకు చెప్పే మాటకు బరువు వస్తుంది.

మీ వాట్సాప్ సూక్తులు ఈ రోజే ఆపేయండి. ఎందుకు ఆపారని ఎవరైనా అడిగితే ఆయన చదివేవాడన్నమాట, ఆయన దగ్గర కూర్చుని ఏది పనికొచ్చిందో అడగండి. వచ్చే మీటింగులో మీరు మాట్లాడకుండా ఒక్క ప్రశ్న వేయండి: "ఇంజన్ ఆపడానికి ఎక్కడ ఇబ్బంది అవుతోంది?" వచ్చిన జవాబులను నాలుగు కుప్పలుగా వేసుకోండి, తెలియనివి, నమ్మనివి, మరిచేవి, కుదరనివి. కుదరనివి మీరు చక్కబెట్టండి. నమ్మనివాటికి పక్క సీట్లో కూర్చోండి. తెలియనివి ఒక పూటలో నేర్పొచ్చు. మరిచేవాటికి మాత్రం, అవి జరిగే గోడ వెతికి, ఒక బోర్డు రాయండి.

ఆ బోర్డును కూడా మూడో నెల చివర తీసేయండి, అలవాటైతే అవసరం లేదు, అలవాటు కాకపోతే అది పనిచేయడం లేదు. డ్యాష్‌బోర్డుల మీది పాత స్టికర్లు పీకాక జిగురు మరక మిగులుతుంది. గుడ్డ మీద కాస్త డీజిల్ వేసి రుద్దితే పోతుంది. ఆ డీజిల్ లెక్క రాయనక్కర్లేదు.